లోయలో ప్రశాంతం, కొండవెన్ను మీద గాలుల హెచ్చరిక: ఏ అంకెను నమ్మాలి?

కాలిబాట (ప్రశ్న):

నమస్కారం. ఎత్తైన పర్వతాల మీద నడిచిన అనుభవం ఉన్నవారి సలహా కోరుతున్నాను. మేము నలుగురం ఎల్లుండి మూడు రోజుల నడకకు బయలుదేరుతున్నాము. మొదటి రాత్రి 1,900 మీటర్ల ఎత్తున ఉన్న విడిదిలో బస చేస్తాము. రెండో రోజు 2,550 మీటర్ల ఎత్తున ఉన్న కనుమ ఎక్కి, అక్కడి నుంచి దాదాపు రెండు గంటలపాటు చెట్టూ చేమా లేని కొండవెన్ను మీదుగా నడిచి, అవతలి లోయలోకి దిగాలి. ఆ రాత్రి అడవి మొదలయ్యే చోట గుడారాలు వేసుకోవాలన్నది మా ఆలోచన.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, లోయలో ఉన్న ఊరికి ఇచ్చిన వాతావరణ సూచనలో ఆ రోజు ఆకాశం నిర్మలంగా ఉంటుందని, గాలి గంటకు 20 కిలోమీటర్లు మించదని ఉంది. పర్వత ప్రాంతాలకు వేరుగా ఇచ్చిన ప్రకటనలో మాత్రం అదే రోజున కొండవెన్నుల మీద సగటున 60 నుంచి 70 కిలోమీటర్ల వేగంతో, విసురు వచ్చినప్పుడు 100 కిలోమీటర్ల దాకా, నష్టం కలిగించే గాలులు వీస్తాయని హెచ్చరించారు. మాలో ఇద్దరు మొదటి సూచనను చూసి, ఎండ కాస్తున్న రోజున నడక మానుకోవడం ఏమిటని అంటున్నారు.

నాకు సంకోచం ఉండడానికి కారణం ఉంది. నిరుడు ఇంతకంటే తక్కువ ఎత్తున్న ఒక కనుమ మీద ఒక విసురు తగిలింది. వీపు సంచి మీద వేసుకున్న వాన తొడుగులోకి గాలి దూరి, అది తెరచాపలా ఉబ్బి, నన్ను పక్కకు మూడు అడుగులు లాక్కుపోయింది. నేను రాయి పట్టుకుని కూర్చుండిపోయాను. స్నేహితుడు చేతి తొడుగు విప్పి పటం చూస్తున్నాడు. ఆ తొడుగు ఎటు పోయిందో కూడా మాకు కనిపించలేదు. ఆ రోజు ఎంత వేగంతో వీచిందో నాకు తెలియదు. ఈ రెండు సూచనల్లో దేనిని నమ్మాలి? ఎంత వేగం దగ్గర వెనక్కి తిరగాలి? గుడారం ఆలోచన సరైనదేనా?

మేఘదర్శి (సమాధానం):

కాలిబాట గారూ, మీరు చూసిన రెండు సూచనలూ ఒకేసారి నిజం కావచ్చు. అవి రెండు వేర్వేరు చోట్ల గురించి చెబుతున్నాయి, మీరు నడవబోయేది రెండో చోట. రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి లోయ అడుగున గిన్నెలో నీళ్లలా నిలిచి ఉంటే, పైన ఎంత ఉధృతంగా వీచినా ఆ ప్రవాహం దాని మీదుగా జారిపోతుంది తప్ప కిందికి దిగదు. అందువల్ల విడిది ముందు జెండా వేలాడుతూ ఉండగానే, ఆరువందల మీటర్ల పైన మనిషి నిలబడలేని పరిస్థితి ఉండవచ్చు.

ఫోనులోని సాధారణ సూచనలు చాలావరకు నేల నుంచి 10 మీటర్ల ఎత్తున వీచే గాలిని లెక్కగట్టి ఇస్తాయి. ఆ నేల కూడా కంప్యూటరు నమూనాలో కొన్ని కిలోమీటర్ల గడిగా చదును చేసిన నేలే కాబట్టి, మీ కనుమ దానిలో ఉండనే ఉండదు. కొండల మీదికి వెళ్లేవారు చూడవలసింది ఎత్తువారీగా ఇచ్చే గాలి సూచన. హెక్టోపాస్కల్ అంటే వాయుపీడనపు కొలత; 850 హెక్టోపాస్కళ్ల మట్టం దాదాపు 1,500 మీటర్ల ఎత్తుకు, 700 హెక్టోపాస్కళ్ల మట్టం దాదాపు 3,000 మీటర్ల ఎత్తుకు సరిపోతాయి. మీ దారి ఈ రెండింటి నడుమ, పై మట్టానికి దగ్గరగా ఉంది. అక్కడ కనిపించే అంకెను కూడా కనీస అంచనాగానే తీసుకోండి, ఎందుకంటే రెండు శిఖరాల మధ్య ఇరుకైన కనుమలోకి గాలి దూరినప్పుడు, గొట్టం మూతిని వేలితో సగం మూస్తే నీరు చిమ్మినట్టుగా, వేగం పెరుగుతుంది. సగటుకూ విసురుకూ తేడాను కూడా గమనించండి. సగటు అంటే చాలా దేశాల్లో పది నిమిషాల సగటు, విసురు అంటే మూడు సెకన్ల పాటు నిలిచిన వేగం. మనిషిని పడగొట్టడానికి ఆ మూడు సెకన్లే చాలు.

ఇక ఎండ సంగతి. నా దృష్టిలో మీ మిత్రుల వాదనలో అసలు పొరపాటు ఇక్కడే ఉంది. పర్వతాలకు అడ్డంగా వీచే గాలి ఒక వైపు పైకెక్కి, మేఘాలుగా మారి, వానగానో మంచుగానో కురిసి, తేమ పోగొట్టుకుని రెండో వైపు దిగుతుంది. దిగేటప్పుడు ప్రతి 100 మీటర్లకూ దాదాపు ఒక డిగ్రీ చొప్పున వేడెక్కుతుంది కాబట్టి ఆ వైపు ఆకాశం విప్పారుతుంది, దూరపు కొండలు చేతికందేంత దగ్గరగా కనిపిస్తాయి, వాతావరణం హాయిగా ఉన్నట్టే ఉంటుంది. ఆల్ప్స్‌లో దీనిని ఫోన్ (Föhn) అని, రాకీ పర్వతాల్లో చినూక్ అని, ఆండీస్‌లో అర్జెంటీనా వైపున జోండా అని పిలుస్తారు. అటువంటి రోజున నీలాకాశం గాలి లేదనడానికి గుర్తు కాదు, చాలాసార్లు ఆ గాలి తెచ్చిపెట్టినదే. 1861 మే 10 రాత్రి స్విట్జర్లాండులోని గ్లారస్ పట్టణంలో నిప్పు అంటుకున్నప్పుడు వీస్తున్నది ఈ ఫోన్ గాలే. తెల్లవారేసరికి దాదాపు 600 కట్టడాలు బూడిదయ్యాయి.

కంటికి కనిపించే గుర్తులు మూడు చెబుతాను. కదలకుండా ఒకే చోట నిలిచి ఉన్న, నునుపైన అంచులున్న, పళ్లెం బోర్లించినట్టుండే మేఘాలు కనిపిస్తే పైన బలమైన గాలి అలలుగా పోతున్నదని అర్థం. శిఖరాల వరుస మీద గోడ కట్టినట్టు మేఘం కూర్చుని, ఇవతలికి పొర్లుతూనే కరిగిపోతున్నట్టు కనిపిస్తే గాలి మీ వైపు దిగుతున్నదని అర్థం. శిఖరం అంచు నుంచి తెల్లని జెండాలా మంచుపొడి లేస్తూ ఉంటే ఇంకేమీ చూడనక్కరలేదు.

శిఖరం ఎత్తు తక్కువైతే గాలి కూడా తక్కువన్న నమ్మకం కూడా వదులుకోవాలి. అమెరికాలోని మౌంట్ వాషింగ్టన్ ఎత్తు 1,917 మీటర్లే. 1934 ఏప్రిల్ 12న అక్కడి పరిశీలన కేంద్రం గంటకు 372 కిలోమీటర్ల విసురును కొలిచింది. 1996లో ఆస్ట్రేలియాలోని బారో ద్వీపం మీద తుఫానులో 408 కిలోమీటర్లు నమోదయ్యేదాకా ప్రపంచంలో కొలిచిన విసుర్లలో అదే అత్యధికం.

రెండోకర్ర (సమాధానం):

మేఘదర్శి గారు చెప్పినదానితో ఏకీభవిస్తూ, నడిచేవారి వైపు నుంచి కొంత చెబుతాను. నేను కొన్నేళ్లుగా చిన్న బృందాలను కొండల మీదికి తీసుకువెళ్తున్నాను.

గాలి తోపు వేగంతో పాటు సమానంగా పెరగదు, వేగపు వర్గంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది. మీ కనుమ ఎత్తులో గాలి సముద్రమట్టం కంటే ఐదో వంతు పలచనగా ఉంటుంది, నిజమే. అయినా వీపున సంచి ఉన్న మనిషి మీద గంటకు 50 కిలోమీటర్ల గాలి ఆరేడు కిలోల బరువుతో తోసినట్టుంటే, 100 కిలోమీటర్ల విసురు పాతిక కిలోలకు పైగా బరువుతో తోసినట్టుంటుంది. ఆ పాతిక కిలోలూ మీరు ఒక కాలు ఎత్తిన క్షణంలో పక్కనుంచి వచ్చాయనుకోండి. నిరుడు మిమ్మల్ని లాక్కుపోయింది 100 కాకపోవచ్చు, అరవై డెబ్బై కిలోమీటర్ల విసురు కూడా ఆ వాన తొడుగుతో కలిసి అంత పని చేయగలదు.

నా బృందాలకు నేను పెట్టుకున్న హద్దు ఇది. కొండవెన్ను మీద విసుర్లు 60 దాటుతాయని సూచన ఉంటే ఇరుకైన దారులు మానుకుంటాను, 80 దాటుతాయంటే చెట్ల వరస దాటి పైకి వెళ్లను. ఇది నా అభిప్రాయమే, కొందరు ఇంకొంచెం తెగిస్తారు. అయితే ఆస్ట్రేలియా వాతావరణ సంస్థ విసుర్లు 90 కిలోమీటర్లకు చేరినప్పుడు ‘నష్టం కలిగించే గాలి’ అని, 125కు చేరినప్పుడు ‘విధ్వంసకర గాలి’ అని హెచ్చరికలు ఇస్తుందని గుర్తు పెట్టుకుంటే, మీరు చెప్పిన 100 ఎక్కడ నిలుస్తుందో మీకే తెలుస్తుంది. అది ఇళ్లలో ఉన్నవారిని సైతం అప్రమత్తం చేసే స్థాయి.

వెనక్కి తిరిగే వేగం ఎంత అని మీరు అడిగారు కానీ, వెనక్కి తిరిగే చోటు ఏది అన్న ప్రశ్న ఎక్కువ ఉపయోగపడుతుందని నాకనిపిస్తుంది. కనుమ మీద నిలబడి చర్చించడం కుదరదు, ఒకరి మాట ఒకరికి వినిపించదు. అందుకని కనుమకు ఇంకా వంద మీటర్లు ఎత్తు ఉండగా, చాటుగా ఉన్న ఒక చోటును పటంలోనే ముందుగా గుర్తు పెట్టుకుని, అక్కడ అందరూ ఆగాలని ఒప్పందం చేసుకోండి. ఆ చోట వెచ్చని బట్టలు, తొడుగులు వేసుకోవడం, ఏదైనా తినడం, సంచి మీద వేలాడే చాపలూ సీసాలూ లోపల పెట్టేయడం, చేతి తొడుగులను మణికట్టుకు తాడుతో కట్టుకోవడం, ఆగు, కూర్చో, వెనక్కి అన్న మూడు సైగలను ఖాయం చేసుకోవడం పూర్తి కావాలి. అక్కడే ఇద్దరు మనుషులు అడుగు తడబడుతూ నిలబడుతుంటే ఇక పైకి పోవలసిన పని లేదు.

తప్పనిసరిగా గాలిలో చిక్కుకున్నప్పుడు ఎక్కువమంది చేసే పొరపాటు గాలికి ఎదురుగా ఒరిగి నడవడం. ఒరగడం వల్ల కాసేపు బాగానే ఉంటుంది, కానీ విసురుకూ విసురుకూ మధ్య గాలి ఉన్నట్టుండి ఆగిపోతుంది, అప్పుడు ఆనుకున్న గోడ కూలినట్టు ముందుకు పడతారు. కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు వంచి, పొట్టి అడుగులు వేయాలి. హోరు దగ్గరపడుతున్నట్టు చెవికి తెలియగానే కర్రలు నేలలో గుచ్చి ఒక మోకాలి మీద కూర్చోవాలి, అది దాటాకే లేవాలి. కొండవెన్ను శిఖర రేఖ మీద కాకుండా, దారి ఉన్నంతవరకు గాలి వచ్చే వైపున కొద్ది మీటర్లు దిగి నడవడం నయం. చాలామంది చాటు కోసం అవతలి వైపుకు పోవాలనుకుంటారు కానీ, గాలి మిమ్మల్ని తోసేది ఆ వైపుకే, అక్కడ కొండచరియ ఉంటే పడేది దానిలోకే. పైగా మంచు ఉన్న కాలంలో ఆ వైపునే గాలి పేర్చిన మంచు చూరులు గాలిలోకి వేలాడుతూ ఉంటాయి; పైనుంచి చూసేవారికి అవి గట్టి నేలలాగే కనిపిస్తాయి.

చలి సంగతి కూడా చెప్పాలి. ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలు ఉండి గంటకు 60 కిలోమీటర్ల గాలి వీస్తే, బయటికి కనిపించే చర్మానికి అది మైనస్ 9 డిగ్రీల చలితో సమానం. మైనస్ 10 ఉంటే మైనస్ 23తో సమానం. చేతులు మొద్దుబారిన మనిషి సంచి జిప్పు కూడా తీయలేడు, అందుకే బట్టలు ముందే వేసుకోమని పైన అన్నాను.

ఆపదలో చిక్కితే, ఆల్ప్స్‌లో వాడుకలో ఉన్న సంకేతం నిమిషానికి ఆరుసార్లు, అంటే పది సెకన్లకొకసారి, ఈల గాని దీపం గాని. తరువాత ఒక నిమిషం ఆగి మళ్లీ మొదలుపెట్టాలి. చూసినవారు నిమిషానికి మూడుసార్లు బదులిస్తారు. పెనుగాలిలో ఈల ఎంతో దూరం పోదు, దీపాన్నే నమ్ముకోండి. ఆ గాలిలో హెలికాప్టరు కూడా రాలేకపోవచ్చు.

నాలుగుమేకులు (సమాధానం):

పై ఇద్దరూ కొండవెన్ను గురించి చెప్పారు. మీ ప్రణాళికలో నన్ను ఎక్కువ భయపెట్టినది మాత్రం అడవి అంచున గుడారం. చెట్ల మధ్యకు దిగితే క్షేమమన్నది సగమే నిజం. 2004 నవంబరు 19న స్లొవేకియాలోని హై టాట్రా పర్వతాల మీది నుంచి దిగిన గాలి శిఖరాల మీద కంటే వాటి పాదాల దగ్గరే ఘోరంగా విరుచుకుపడి, దాదాపు 12,000 హెక్టార్ల అడవిని నేలమట్టం చేసింది. 2018 అక్టోబరు చివర ఉత్తర ఇటలీ కొండల్లో వాయా తుఫాను లక్షలాది చెట్లను పడగొట్టింది. స్ప్రూస్ అనే సూదిమొన ఆకుల చెట్ల వేళ్లు లోతుకు పోవు, వాన పడి నేల నానిందంటే చెట్టు వేళ్లతో సహా పళ్లెంలా లేచి ఒరుగుతుంది.

గుడారం వేయక తప్పకపోతే ముందుగా తలెత్తి చూడండి. ఎండిన కొమ్మలు, విరిగి మరో కొమ్మలో చిక్కుకున్నవి, మొదలు దగ్గర పుచ్చిన మానులు ఉన్నచోట పడుకోకూడదు. చెట్ల ఎత్తుకు రెట్టింపు దూరంలో ఉన్న గుంట గాని, పెద్ద రాతి చాటు గాని మేలు. సన్నని కొసను గాలికి ఎదురుగా పెట్టి, తాళ్లన్నీ కట్టి, మేకుల మీద రాళ్లు పేర్చాలి. రాత్రి గాలి ఎలా వస్తుందో వినని వారికి చెప్పడం కష్టం. ముందు ఎక్కడో కింద రైలు వంతెన ఎక్కిన చప్పుడు వినిపిస్తుంది, అది దగ్గరవుతుంది, కొన్ని క్షణాలు అంతా నిశ్శబ్దం, ఆ తరువాత గుడ్డ మొహానికి తగులుతుంది. ఒకసారి అలాంటి విసురుకు నా గుడారం కమాను విరిగి, దాని కొస గుడ్డను మూరెడు పొడవున చీల్చింది. మిగతా కమాన్లు కూడా తీసేసి, గుడ్డను కప్పుకుని తెల్లవారే వరకూ దాని కిందే పడుకున్నాము. నిలబెట్టాలని పట్టుపట్టి ఉంటే అదీ మిగిలేది కాదు. గాలికి బయట పొయ్యి వెలగడం లేదని గుడారం తలుపు మూసి లోపల వెలిగించకండి, మంటకంటే ముందు కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

కారు దగ్గరికి చేరాక కూడా ప్రమాదం తీరిపోదు. పార్కింగులో కారు వెనుక భాగం గాలి వైపు ఉండగా తలుపు తీస్తే ఆ తలుపు కీళ్లు ఊడిపోవచ్చు. సొరంగం దాటి బయటికి వచ్చే క్షణంలోనూ, వంతెనల మీదా వేగం తగ్గించాలి. కరెంటు తీగ తెగి పడి ఉంటే కనీసం 10 మీటర్ల దూరం నుంచే వెనక్కి తిరగాలి. కేబుల్ కారులో కిందికి దిగుదామన్న లెక్క వేసుకున్నా అది గాలి రోజున చెల్లదు, వాళ్లు ముందుగా ఆపేసేది దానినే.

మీ దారిలో పాత మంచు గాని, ఈ వారం పడిన కొత్త మంచు గాని ఉందా? ఉంటే ఇంకో సంగతి. గాలి మంచును ఒక వైపు నుంచి ఎత్తి చాటు వైపున పేరుస్తుంది, అలా పేర్చేటప్పుడు ఆకాశం నుంచి కురిసే దానికంటే ఎన్నో రెట్లు త్వరగా పేర్చగలదు. ఆ పలకలాంటి పొర కింది పొరకు సరిగా అతుక్కోదు. 30 డిగ్రీలకు మించిన వాలు మీద అది మనిషి బరువుకే తెగి, మంచు చరియగా జారుతుంది. ఆకాశం నుంచి ఒక్క రేకు కురవకపోయినా ఇది జరుగుతుంది.

కాలిబాట:

అందరికీ కృతజ్ఞతలు. దారిలో మంచు లేదని విడిది వారు చెప్పారు. ఒక సందేహం మిగిలింది. మాలో ఒకరు తెల్లవారుజామున నాలుగింటికే బయలుదేరి, గాలి లేవకముందే కనుమ దాటేద్దామంటున్నారు. అది సాధ్యమేనా?

మేఘదర్శి:

అది ఏ గాలి అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. ఎండకు కొండవాలు వేడెక్కి పుట్టే గాలి పొద్దెక్కాకే లేస్తుంది. నేపాల్‌లోని కాళీ గండకీ లోయలో వేకువనే నడక ముగించమని చెప్పేది అందుకే. మీ హెచ్చరికలో ఉన్నది అది కాదు. పర్వతాలకు ఇటూ అటూ ఉన్న వాయుపీడనాల తేడా వల్ల వచ్చే గాలికి పగలూ రాత్రీ ఒక్కటే. పైగా రాత్రిపూట కింది చల్లని గాలితో రాపిడి తప్పిపోయి, కొండవెన్నుల మీద తెల్లవారుజామునే మరింత గట్టిగా వీచే సందర్భాలున్నాయి. చీకట్లో దానిని ఎదుర్కోవడం పగటికంటే ప్రమాదం. ప్రకటనలో గాలి ఎన్ని గంటలకు తగ్గుతుందని ఇచ్చారో చూడండి. ఎవరెస్టు ఎక్కేవారు సైతం మే నెలలో ఎగువ గాలి ప్రవాహం ఉత్తరానికి జరిగి, కొద్ది రోజులు శిఖరం మీద గాలి తగ్గే దాకా కింది శిబిరాల్లో వేచి ఉంటారు. మీకు కావలసింది ఒక్క రోజే.

రెండోకర్ర:

దీనికి ఒక మాట కలుపుతాను. వేచి ఉండే రోజును ముందే ప్రణాళికలో పెట్టుకోనివారే కనుమ దగ్గర తప్పు నిర్ణయం తీసుకుంటారు. మరుసటి రోజు బస్సు పోతుందన్న కంగారు గాలి కంటే ఎక్కువగా తోస్తుంది.

కాలిబాట:

ప్రకటనను మళ్లీ చదివాము. రెండో రోజు అర్ధరాత్రి తరువాత గాలి తగ్గుతుందని, మూడో రోజు మధ్యాహ్నానికి కొండవెన్నుల మీద విసుర్లు 40కి దిగుతాయని ఉంది. అందుచేత విడిదిలో రెండు రాత్రులు ఉండి, మూడో రోజు ఉదయం ఆ నాటి సూచన చూసుకుని, అనుకూలిస్తేనే కనుమకు వెళ్లాలని, లేకపోతే లోయ దారినే తిరిగి రావాలని నలుగురం ఒప్పుకున్నాము. నడకను నాలుగు రోజులకు పొడిగించాము, అవతలి లోయలో గుడారం బదులు గది అడిగాము. కనుమకు 120 మీటర్ల దిగువన పటంలో ఒక రాతి గుట్ట కనిపించింది, ఆగవలసిన చోటుగా దానిని గుర్తు పెట్టుకున్నాము. ఎండను చూసి వెళ్దామన్న మిత్రుడే ఇప్పుడు 700 హెక్టోపాస్కళ్ల పటాన్ని ప్రతి ఆరు గంటలకూ పంపిస్తున్నాడు. వాన తొడుగును నేను ఇంట్లోనే వదిలేస్తున్నాను, బట్టలను సంచి లోపలే ప్లాస్టిక్ కవర్లలో కట్టుకున్నాను.